బాంబుకి "ఇప్పుడు" అని చెప్పేది ఎవరు? హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్, అరచేతిలో పట్టే ఫ్యూజ్

వీడియో చూసే టైమ్ లేనివాళ్ళ కోసం, డేటా అయిపోయినవాళ్ళ కోసం ఎప్పటిలాగే మొత్తం మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాం.

లండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఉంది. అందులో వందేళ్ళు దాటిన ఒక బాంబర్ విమానం ఉంది. చెక్క ఫ్రేమ్, దాని మీద గుడ్డ, రెండు అంతస్తుల రెక్కలు. దాని పక్కన రాసి ఉన్న మాట చూస్తే మనలాంటోళ్ళు ఆగిపోతాం. "హైదరాబాద్ నిజాం గారు బహూకరించినది" అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ అక్షరాలు, కింద హైదరాబాద్ నంబర్ 12ఏ అని. మన హైదరాబాదే. ఆ రోజుల్లో మా నారాయణఖేడ్ తాలూకా కూడా ఆ నిజాం రాజ్యంలోనిదే. అంటే ఆ విమానం కొన్న ఖజానాలో మన దిక్కు రైతులు కట్టిన శిస్తు కూడా కలిసి ఉంది.

ఈరోజు టాపిక్ విమానం కాదు. ఆ విమానం మోసిన బాంబులో ఉండే ఒక చిన్న వస్తువు. పేరు ఫ్యూజ్. బాంబు ఎంత పెద్దదైనా సరే, ఎప్పుడు పేలాలి, ఎప్పుడు పేలకూడదు అన్నది నిర్ణయించేది అదే. బ్యాటరీ లేదు, చిప్ లేదు, కోడ్ లేదు. స్ప్రింగులు, మరలు, ఒక సూది, అంతే. అయినా దానిలో ఉన్న లాజిక్ చూస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కూడా ముచ్చటేస్తుంది. ఆ లాజిక్‌లో ఉన్న లోపం వల్ల మాత్రం ఈరోజుకీ మనుషులు చనిపోతున్నారు. ఆ రెండూ మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. ఇది తయారీ వీడియో కాదు. కొలతలు, పదార్థాలు ఏవీ ఉండవు. ఐడియా మాత్రమే అర్థం చేసుకుందాం. ఎందుకంటే ఐడియా అర్థమైతే, పొలంలో తుప్పు పట్టిన ఇనుప వస్తువు కనబడినప్పుడు దాని దగ్గర సెల్ఫీ దిగాలనే ఆలోచన పోతుంది.

నిజాం డబ్బుతో ఎగిరిన విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధం టైమ్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. బ్రిటిష్ వాళ్ళ యుద్ధానికి ఆయన భారీగా డబ్బు ఇచ్చాడు. ఆ డబ్బుతో ఒక స్క్వాడ్రన్‌కి విమానాలు వచ్చాయి. అదే 110 స్క్వాడ్రన్. 1917 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో మొదలైంది. నిజాం గౌరవార్థం దానికి "హైదరాబాద్ స్క్వాడ్రన్" అని పేరు. దాని చిహ్నంలో పులి బొమ్మ ఉంటుంది, అది కూడా నిజాం గుర్తు నుంచి వచ్చిందే.

1918 సెప్టెంబర్‌లో వాళ్ళు ఫ్రాన్స్ చేరారు. విమానం పేరు డీహెచ్ 9ఏ. యుద్ధంలో ఈ మోడల్‌ని మొదట వాడింది ఈ స్క్వాడ్రనే. వాళ్ళ పని పగటి పూట జర్మనీ లోపలికి దూరం వెళ్ళి బాంబులు వేయడం. మోసినవి ఎక్కువగా 112 పౌండ్లు, 230 పౌండ్ల బాంబులు. మన లెక్కలో ఒకటి సుమారు 50 కిలోలు, ఇంకొకటి సుమారు 104 కిలోలు. యుద్ధం నవంబర్ 11న ఆగిపోయింది. అంటే వాళ్ళు ఆడింది రెండు నెలలు కూడా సరిగ్గా లేదు. ఆ కొద్ది కాలంలోనే శత్రువుల చేతిలో 17 విమానాలు పోయాయి.

మ్యూజియంలో ఉన్నది కూడా అట్లా పోయినదే. నంబర్ ఎఫ్ 1010. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీదికి వెళ్ళి అక్కడే దిగిపోయింది. జర్మన్లు పట్టుకుని బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది పోలండ్ చేరింది. చివరికి 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇచ్చి, దానికి మార్పిడిగా దీన్ని వెనక్కి తెచ్చుకున్నారు. హైదరాబాద్ పేరు రాసుకున్న విమానం ఇన్ని దేశాలు తిరిగింది.

సరే, ఇప్పుడు ఆ పైలట్ ప్లేస్‌లో ఉండి ఆలోచించండి. కట్టె, గుడ్డతో చేసిన విమానం. కింద వందల కిలోల బాంబులు. ఇంజన్ వణుకుతోంది. గడ్డి నేల మీద గుంతల్లో ఎగిరెగిరి పడుతూ టేకాఫ్ అవుతున్నావ్. పైన తుపాకీ గుండ్లు. ఇంత కుదుపులో ఆ బాంబు నీ కింద ఎందుకు పేలట్లేదు? అదే బాంబు కింద నేల తాకగానే ఎందుకు పేలుతోంది? కుదుపు కుదుపే కదా. దానికి తేడా ఎట్లా తెలుస్తుంది?

ఫ్యూజ్ అసలు పని పేలకుండా ఆపడం

మన ఇంట్లో "ఫ్యూజ్ కొట్టేసింది" అంటాం కదా, ఆ ఫ్యూజ్ వేరు. దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఎస్ ఉంటుంది, బాంబు ఫ్యూజ్‌కి సైన్యం వాళ్ళు జెడ్ రాస్తారు. పలకడం ఒక్కటే.

చాలామంది అనుకునేదేంటంటే బాంబు లోపలున్న మందు చాలా సెన్సిటివ్, కొంచెం తగిలితే పేలిపోతుంది అని. నిజానికి సైన్యం వాడే పెద్ద బాంబుల్లో మెయిన్ మందు మొద్దు మందు. కావాలనే అట్లాంటిది ఎంచుకుంటారు. లారీల్లో, ఓడల్లో వేల మైళ్ళు తీసుకెళ్ళాలి కదా. దాన్ని లేపాలంటే గట్టి దెబ్బ కావాలి. అందుకని ఒక చైన్ పెట్టారు. మొదట చాలా సెన్సిటివ్‌గా ఉండే చిటికెడు మందు. అది డిటోనేటర్. అది పేలి, దాని పక్కనున్న మధ్యరకం మందుని లేపుతుంది. ఆ మధ్యది పెద్దదాన్ని లేపుతుంది. అగ్గిపుల్లతో నేరుగా మొద్దు కట్టె అంటుకోదు కదా, ముందు ఎండుగడ్డి, తర్వాత పుల్లలు, తర్వాత మొద్దు. అట్లా అన్నమాట.

కాబట్టి ప్రమాదమంతా ఆ చిటికెడు డిటోనేటర్ దగ్గరే ఉంది. దాన్ని సూది లాంటి ఒక ముక్క పొడిస్తే చైన్ మొదలవుతుంది. ఆ సూది పేరు స్ట్రైకర్. ఫ్యూజ్ అంటే ఆ స్ట్రైకర్‌ని కాపలా కాసే పెట్టె. ఫ్యాక్టరీ నుంచి నేల తాకేదాకా బాంబు జీవితంలో లక్ష క్షణాలు ఉంటే, వాటన్నిటిలో "వద్దు" అని చెప్పాలి, ఒకే ఒక్క క్షణంలో "సరే" అనాలి. పేల్చడం చిన్న పని. ఆపడం పెద్ద పని.

బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ ఇంకో జాగ్రత్త పెట్టారు. తర్వాతి కాలంలో వాళ్ళ బాంబుల్లో స్ట్రైకర్, స్ప్రింగులు ఉండే భాగాన్ని "పిస్టల్" అనేవాళ్ళు. అందులో మందు అస్సలు ఉండదు, అంతా యంత్రమే. డిటోనేటర్ వేరే డబ్బాలో, వేరే చోట ఉంటుంది. విమానం బయలుదేరే ముందు ఆర్మరర్ అనే పనిమంతుడు రెండూ కలిపి బిగిస్తాడు. అంటే గోదాములో ఉన్నంతసేపు పిస్టల్ ఒట్టి ఇనుప ముక్క. సైన్యం బాంబుల్లో మందు, యంత్రం రెండూ ఒకే దాంట్లో ఉంటే దాన్ని ఫ్యూజ్ అని, యంత్రం మాత్రమే ఉంటే పిస్టల్ అని వాళ్ళు తేడా చూపించేవాళ్ళు. మనం ఈ ఎపిసోడ్‌లో ఈజీగా ఉండడానికి రెండిటినీ ఫ్యూజ్ అనే అందాం.

రెండు తాళాలు, ఓటీపీ లాగ

మీ ఫోన్‌లో డబ్బులు పంపాలంటే పిన్ ఒక్కటే చాలదు, కొన్నిసార్లు ఓటీపీ కూడా అడుగుతుంది. ఒకటి దొంగకి తెలిసినా రెండోది ఆపుతుంది. వందేళ్ళ కిందటి ఫ్యూజ్‌లో కూడా ఇదే ఐడియా. రెండు కండిషన్లు, రెండూ వరుసగా నిజం కావాలి.

మొదటి కండిషన్: నేను నిజంగా విమానం నుంచి పడుతున్నానా?

ఇది యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? గాలి ద్వారా. ఫ్యూజ్‌కి చిన్న రెక్కల చక్రం ఉంటుంది. జాతరలో పిల్లలకి కొనిచ్చే కాగితపు గాలిచక్రం చూశారు కదా, అట్లాంటిది, లోహంతో. ఆ చక్రం ఒక మరకి బిగించి ఉంటుంది. బాంబు కింద పడేటప్పుడు ఎదురుగాలికి చక్రం గిరగిరా తిరుగుతుంది. తిరిగిన కొద్దీ మర ఊడుతూ వస్తుంది. నట్టు ఊడదీసినట్టే. అవసరమైనన్ని చుట్లు తిరిగాకే స్ట్రైకర్‌కి అడ్డం తొలుగుతుంది. అప్పుడు బాంబు "ఆర్మ్" అయింది అంటారు. అంటే లాక్ తీసింది, ఇంకా పేలలేదు.

మరి విమానం ఎగిరేటప్పుడు కూడా ఎదురుగాలి ఉంటుంది కదా? కరెక్ట్ డౌట్. అందుకే విమానంలో ఉన్నంతసేపు ఒక తీగ గానీ, ఫోర్క్ లాంటి ముక్క గానీ ఆ చక్రాన్ని తిరగనివ్వకుండా పట్టుకుని ఉంటుంది. బాంబు వదిలినప్పుడు ఆ తీగ విమానంతోనే ఉండిపోతుంది, బాంబు దాని నుంచి జారిపోతుంది. చక్రం ఫ్రీ.

ఇందులో ఒక తెలివి చూడండి. ఇంజన్ చెడిపోయింది, బరువు దించుకోవాలి, కానీ కింద మనవాళ్ళే ఉన్నారు అనుకోండి. అప్పుడు తీగని కూడా బాంబుతో పాటే వదిలేసే ఏర్పాటు రెండో యుద్ధం నాటి విమానాల్లో ఉండేది. తీగ బాంబుతోనే పోతుంది కాబట్టి చక్రం తిరగదు, లాక్ తెరుచుకోదు. దీన్ని "సేఫ్"గా వదలడం అనేవాళ్ళు. వంద శాతం గ్యారంటీ లేదు గానీ, బాంబు వేయాలా, బరువు పడేయాలా అన్న తేడా ఒక తీగ ముక్కతో చెప్పేశారు.

రెండో కండిషన్: నేను నిజంగా గట్టిగా దేన్నో గుద్దానా?

ఇది రెండు రకాలుగా తెలుసుకుంటుంది. ఫ్యూజ్ బాంబు ముక్కు దగ్గరుంటే, నేల తాకగానే ముక్కు లోపలికి నొక్కుకుని స్ట్రైకర్‌ని తోస్తుంది. ఫ్యూజ్ తోక దగ్గరుంటే వేరే పద్ధతి. ఖేడ్ బస్సులో నిలబడి పోతున్నప్పుడు డ్రైవర్ సడన్ బ్రేక్ కొడితే ఏమవుతుంది? బస్సు ఆగుతుంది, మనం ఆగం, ముందుకి పడతాం. అట్లాగే బాంబు నేలకి తగిలి సడన్‌గా ఆగుతుంది, లోపల ఉన్న బరువైన స్ట్రైకర్ ఆగదు, ముందుకి దూసుకెళ్ళి డిటోనేటర్‌ని పొడుస్తుంది.

మరి చిన్న చిన్న కుదుపులకి? స్ట్రైకర్‌కి, డిటోనేటర్‌కి మధ్య స్ప్రింగు ఉంటుంది, లేదా తెగిపోయే సన్నటి పిన్ను ఉంటుంది. బస్సులో పట్టుకునే రాడ్డు లాగ. చిన్న గుంతకి రాడ్డు పట్టుకున్నవాడు పడడు. పెద్ద బ్రేక్‌కి చెయ్యి జారుతుంది. ఎంత దెబ్బకి జారాలి అన్నదే ఇంజనీర్ లెక్క. స్ప్రింగు మరీ వీక్ అయితే గాల్లోనే పేలొచ్చు. మరీ గట్టిదైతే బురదలో పడితే పేలదు. ఈ రెండిటి మధ్య ఉన్న సన్నటి దారిలోనే ఫ్యూజ్ డిజైన్ మొత్తం నడుస్తుంది.

ముక్కా, తోకా, ఎంత లేటు?

పేలాలి సరే, ఎంతసేపటికి? ఇది కూడా ఫ్యూజ్ పనే.

ముక్కు ఫ్యూజ్ అయితే తాకగానే పేలుతుంది. ఆరుబయట ఉన్న లారీలు, గుడారాల మీద వేసేటప్పుడు ఇది. కానీ బిల్డింగ్ లోపలికో, ఓడ లోపలికో దూరి పేలాలంటే, గట్టిదాన్ని గుద్దినప్పుడు ముక్కు ఫ్యూజ్ ముందే నలిగిపోవచ్చు. అందుకే తోక ఫ్యూజ్, దాంట్లో కొంచెం లేటు. ఈ లేటు ఎట్లా వస్తుంది? సూది పొడిచిన తర్వాత నిప్పు నేరుగా డిటోనేటర్‌కి వెళ్ళకుండా, నెమ్మదిగా కాలే ఒక చిన్న మందు దారి గుండా వెళ్తుంది. దారి ఎంత ఉంటే అంత లేటు.

బ్రిటిష్ బాంబుల్లో మామూలుగా వాడిన ఒక లేటు 0.025 సెకను. అంటే సెకనులో నలభయ్యో వంతు. కన్ను ఆర్పేలోపు అయిపోతుంది, దీని వల్ల లాభమేంటి అంటారా? లెక్క వేద్దాం. బాంబు సెకనుకి 200 మీటర్ల స్పీడ్‌తో పడుతోంది అనుకోండి. 0.025 సెకనులో 5 మీటర్లు. లోపలికి దూరేటప్పుడు స్పీడ్ తగ్గుతుంది కాబట్టి అంతకంటే తక్కువే. అయినా పై కప్పు మీద కాకుండా ఒక అంతస్తు కింద పేలుతుంది.

ఇంకో లేటు ఉంది. 11 సెకన్లు. ఇది గోడలు దూరడానికి కాదు. వేసిన విమానం బతికి బయటపడడానికి. అసలు కథ ఇక్కడే ఉంది. మళ్ళీ మన హైదరాబాద్ స్క్వాడ్రనే.

1939 సెప్టెంబర్ 4

బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది 1939 సెప్టెంబర్ 3న. మర్నాడే రాయల్ ఎయిర్ ఫోర్స్ మొదటి బాంబు దాడి. టార్గెట్, విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు దగ్గరున్న జర్మన్ యుద్ధ ఓడలు. వెళ్ళిన వాటిలో 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ విమానాలు 5. ముందు నడిపింది ఆ స్క్వాడ్రన్‌కే చెందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్. 107 స్క్వాడ్రన్ నుంచి ఇంకో 5.

వాతావరణం బాగాలేదు. మబ్బులు సుమారు 500 అడుగుల దాకా కిందికి దిగి ఉన్నాయి. అంటే 150 మీటర్లు. మబ్బుల కింద నుంచే దాడి చేయాలి. ఇప్పుడు టెన్త్ ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. 150 మీటర్ల నుంచి వదిలిన వస్తువు కింద పడడానికి సుమారు 5.5 సెకన్లు. బాంబుకి విమానం స్పీడే ఉంటుంది కాబట్టి, అది కింద తాకే టైమ్‌కి విమానం దాదాపు దాని నెత్తి మీదే ఉంటుంది. తాకగానే పేలితే ముందు పోయేది వేసినవాళ్ళే. అందుకే 11 సెకన్ల లేటు ఫ్యూజ్ పెట్టారు. గంటకి 320 కిలోమీటర్ల స్పీడ్‌లో 11 సెకన్లలో విమానం దగ్గరదగ్గర ఒక కిలోమీటరు దూరం వెళ్ళిపోతుంది. పేపర్ మీద ఐడియా పర్ఫెక్ట్.

మరి ఏమైంది? అడ్మిరల్ షేర్ అనే పెద్ద యుద్ధ ఓడకి కనీసం మూడు బాంబులు తగిలాయి. ఒక్కటీ దాని మీద పేలలేదు.

ఎందుకు? పైనున్న లెక్కలోనే జవాబు ఉంది. 150 మీటర్ల నుంచి పడితే కిందికి దిగే స్పీడ్ సెకనుకి సుమారు 54 మీటర్లు. ముందుకి పోయే స్పీడ్ సెకనుకి సుమారు 89 మీటర్లు. అంటే బాంబు నిలువుగా దిగట్లేదు, ఏటవాలుగా జారుతూ వస్తోంది. చెరువు నీళ్ళ మీద పెంకు విసిరితే అది దిగిపోకుండా ఎగురుకుంటూ పోతుంది చూడండి, అట్లా. ఇనుప కవచం ఉన్న డెక్ మీద ఏటవాలుగా తగిలిన బాంబు లోపలికి దూరదు. ఎగిరి సముద్రంలో పడుతుంది. 11 సెకన్లు అంటే అది ఎగిరి పడడానికి బోలెడంత టైమ్.

ఈ రెండు స్క్వాడ్రన్ల 10 విమానాల్లో 5 తిరిగి రాలేదు. 107 స్క్వాడ్రన్‌వి 4, 110వి 1. అందులో ఒకటి ఎమ్డెన్ అనే ఓడ మీదే కూలింది. ఆ ఓడకి నష్టం జరిగింది, మనుషులు పోయారు. బాంబు చేయలేని పని కూలిన విమానం చేసింది. డోరన్‌కి మెడల్ ఇచ్చారు.

ఫ్యూజ్ ఇక్కడ చెడిపోయింది అనలేం. చెప్పిన పని చేసింది. తాకాక 11 సెకన్లు ఆగమన్నారు, ఆగింది. కానీ "ఓడ మీదే ఉన్నానా, సముద్రంలో ఉన్నానా" అని చూసే కండిషన్ దాంట్లో లేదు. మేము సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ చూసేది ఇదే. కోడ్ మనం అనుకున్నది చేయదు, మనం రాసింది చేస్తుంది. యంత్రం కూడా అంతే. తేడా ఏంటంటే ఇక్కడ బగ్ దొరికితే ప్యాచ్ పంపడానికి ఉండదు.

తర్వాత ఇదే 110 స్క్వాడ్రన్ 1942లో ఇండియాకి వచ్చింది. బర్మా వైపు యుద్ధంలో వెంజెన్స్ అనే డైవ్ బాంబర్లు నడిపింది. డైవ్ బాంబర్ అంటే దాదాపు నిలువుగా కిందికి దూకి బాంబు వదిలే విమానం. అప్పుడు బాంబు కూడా దాదాపు నిలువుగానే దిగుతుంది. అంటే గురి బాగుంటుంది, ఏటవాలుగా జారే సమస్య తగ్గుతుంది.

పేలనివి ఎందుకు మిగులుతాయి?

ఇప్పుడు మనకి అర్థమైన రెండు కండిషన్లని తిరగేసి చూడండి. ఏది తప్పితే ఏమవుతుంది?

మరీ తక్కువ ఎత్తు నుంచి వేస్తే గాలిచక్రం అన్ని చుట్లూ తిరగకముందే బాంబు నేల మీద ఉంటుంది. లాక్ సగం తెరుచుకుని ఆగిపోతుంది. తడి నేల, బురద, ఇసుక అయితే బ్రేక్ మెల్లగా పడుతుంది, స్ట్రైకర్‌కి చాలినంత ఊపు రాదు. పక్కకి ఒరిగి పడితే స్ట్రైకర్ వంకరగా కదిలి ఇరుక్కుంటుంది. లోపల తేమ చేరి మందు దారి మధ్యలో ఆరిపోవచ్చు. యుద్ధంలో లక్షల్లో తయారుచేసేటప్పుడు కొన్ని ఫ్యాక్టరీలోనే తేడాగా వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధం బాంబుల్లో సుమారు పదో వంతు పేలలేదని మామూలుగా చెప్పే అంచనా.

ఇట్లాంటి పేలని బాంబు మన తెలుగు నేల మీద కూడా పడింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియానికి వెళ్తే, అప్పుడు పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఖోల్ కనిపిస్తుంది. అది బ్రిటిష్‌ది కాదు, కానీ ఏ దేశం బాంబైనా ఫ్యూజ్‌కి కావలసినవి అవే. పడుతున్నానని తెలియాలి, గుద్దానని తెలియాలి. అక్కడికి వెళ్ళినప్పుడు ఈ రెండు తాళాలు గుర్తు చేసుకోండి.

ముప్పై ఏళ్ళ తర్వాత, అదే సెప్టెంబర్

1918 సెప్టెంబర్‌లో నిజాం కొనిచ్చిన విమానాలు జర్మనీ మీద బాంబులు వేశాయి. తర్వాత యుద్ధంలో కూడా హైదరాబాద్ పేరుతో 110 కాక ఇంకో రెండు స్క్వాడ్రన్లు, 152, 253, ఎగిరాయి. సరిగ్గా ముప్పై ఏళ్ళకి, 1948 సెప్టెంబర్‌లో, బ్రిటన్‌లో తయారైన టెంపెస్ట్ విమానాలు నిజాం రాజ్యం మీదికే వచ్చాయి. నడిపింది రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్. సైన్యం దాన్ని ఆపరేషన్ పోలో అంది, మా దిక్కు పెద్దోళ్ళు ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటరు.

సెప్టెంబర్ 13న సైన్యం లోపలికి వచ్చింది. మర్నాడు సోలాపూర్ రోడ్డు మీద రాజేశ్వర్ దగ్గర దారికి అడ్డంగా ఉన్న నిజాం బలగాల మీద టెంపెస్ట్‌లు దాడి చేశాయి. తూర్పు వైపు సూర్యాపేట దగ్గర 15న ఇట్లాగే. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. రాజేశ్వర్ బీదర్ జిల్లాలోది. మన నారాయణఖేడ్ తాలూకా కూడా అప్పుడు బీదర్ జిల్లాలోనే ఉండేది, 1956లో మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. అంటే అది మనకి దూరపు కథ కాదు, పక్క తాలూకాల కథ. టెంపెస్ట్ నాలుగు 20 ఎంఎం గన్లతో పాటు బాంబులు, రాకెట్లు మోయగలిగే విమానం.

ఒకే తరంలో ఒకే రాజ్యం రెండు వైపులా నిలబడింది. ముందు విమానం కొనిచ్చిన వైపు, తర్వాత విమానం కింద ఉన్న వైపు. ఫ్యూజ్‌కి మాత్రం రెండు సార్లూ ఒకటే ప్రశ్న. పడుతున్నానా? గుద్దానా? ఎవరి డబ్బు, ఎవరి ఊరు, కింద సైనికుడా, చేనులో ఉన్న రైతా, ఇవేవీ దానికి ఇన్‌పుట్ కాదు.

దానికి యుద్ధం అయిపోయిందని తెలియదు

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. నేలలో ఉండిపోయిన పేలని బాంబు "చచ్చిపోయిన" బాంబు కాదు. ఆలోచించండి. మొదటి తాళం గాల్లోనే తెరుచుకుంది. రెండోది సగం తెరుచుకుని ఆగింది. స్ప్రింగు తుప్పు పడుతోంది, పిన్ను సన్నబడుతోంది. అంటే ఏళ్ళు గడిచిన కొద్దీ ఆపే భాగాలు వీక్ అవుతున్నాయి. పేలే మందు మాత్రం అట్లాగే ఉంది. కొన్నిసార్లు తుప్పుతో కలిసి ఇంకా సెన్సిటివ్ అవుతుంది కూడా. కొత్త బాంబు కంటే పాత బాంబే భయపడాల్సింది.

కొన్ని బాంబుల్లో మనం చెప్పుకున్న దెబ్బకి పేలే ఫ్యూజ్ కాకుండా, గంటల తరబడి ఆగి పేలే రసాయన ఫ్యూజ్ ఉండేది. ఒక ద్రవం ప్లాస్టిక్ లాంటి ముక్కని నెమ్మదిగా కరిగిస్తుంది, అది కరిగితే స్ట్రైకర్ వదులవుతుంది. అట్లాంటి ఫ్యూజ్ ఉన్న బాంబు ఒకటి జర్మనీలో గట్టింగెన్ అనే ఊర్లో దొరికింది. 2010 జూన్ 1న దాన్ని తీసే ఏర్పాట్లలో ఉండగానే పేలింది. ముగ్గురు చనిపోయారు. ముగ్గురూ ఈ పనిలో ట్రైనింగ్ ఉన్నవాళ్ళే. యుద్ధం ముగిసి అప్పటికి 65 ఏళ్ళు.

ఎక్స్‌పర్టులకే అట్లా అయితే మన సంగతి చెప్పండి. మన దగ్గర పాత బావి పూడిక తీసేటప్పుడు, జేసీబీతో చెరువు మట్టి తవ్వేటప్పుడు, ఫైరింగ్ రేంజ్‌ల చుట్టుపక్కల, పాత ఇనుము కొట్లలో ఏదో ఒకటి బయటపడే ఛాన్స్ ఉంటుంది. అది బాంబు కావచ్చు, ఫిరంగి గుండు కావచ్చు, ఒట్టి పైపు ముక్క కూడా కావచ్చు. చూసి చెప్పడం మన వల్ల కాదు. కాబట్టి చేయాల్సింది నాలుగే:

ముట్టుకోవద్దు, తన్నొద్దు, కడగొద్దు, తిప్పి చూడొద్దు. ముక్కు దగ్గర చిన్న రెక్కలో, తోక దగ్గర రేకులో కనిపిస్తే అసలే వద్దు.

వచ్చిన దారినే వెనక్కి నడిచి దూరం వెళ్ళండి. పిల్లల్ని, పశువుల్ని అటు రానివ్వకండి.

దగ్గరికి పోయి ఫోటో తీయకండి. చోటు గుర్తుండడానికి దూరం నుంచి ఒక చెట్టో, స్తంభమో ఆనవాలు పెట్టుకోండి. రీల్ కోసం అయితే ఆ ఐడియానే వదిలేయండి.

112కి ఫోన్ చేయండి. పోలీసులు బాంబ్ స్క్వాడ్‌ని పిలుస్తారు. పాత ఇనుము వాళ్ళకి కిలో లెక్కన అమ్మడం మాత్రం అస్సలు చేయొద్దు. కోయడానికి వాడే గ్యాస్ కట్టర్ వేడి, సుత్తి దెబ్బ, ఈ రెండూ ఆ రెండో తాళానికి తాళంచెవి లాంటివే.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ ఫ్యూజ్ చేసినవాళ్ళు చాలా తెలివైనవాళ్ళు. గాలితో లెక్కపెట్టించారు, దెబ్బతో నిర్ణయం తీసుకునేలా చేశారు. కానీ "యుద్ధం అయిపోయింది, ఇక వద్దు" అని చెప్పే మూడో కండిషన్ దాంట్లో పెట్టలేదు. ఆ కండిషన్ మనమే కావాలి. దూరంగా ఉండడం ద్వారా.

మీ ఊర్లో పోలీస్ యాక్షన్ రోజులు చూసిన పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని విమానాల గురించి అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే ఆడియో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఫోన్‌తో చేయగలిగిన మంచి పనుల్లో అదొకటి. ఈ ఎపిసోడ్‌ని పొలం పనులకి, మట్టి పనులకి వెళ్ళే మీ అన్నలకి, బాబాయిలకి పంపండి. మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త.